బ్యాచ్‌ల పడ్డ పిల్లగాన్ని ఇంటికి మళ్లించుడు ఎట్ల: గల్లీల పనిచేసెటోళ్ల కోసం

ముందుగాల ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోండ్రి. అవగాహన సదస్సు, ర్యాలీ, ఫ్లెక్సీ, అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఆ నోట్‌బుక్ల మీ గల్లీల బ్యాచ్‌తోని, అంటె కొట్లాటలకు, పంచాదులకు పోయే పోరగాళ్ల గుంపుతోని, తిరిగే ఒక్క పిల్లగాని గురించి రాయుండ్రి, పేరు రాయొద్దు, మీకు మాత్రమే తెలిసే గుర్తు ఏదన్న పెట్టుకోండ్రి. ఎడమ దిక్కు వానికి బ్యాచ్ ఏమిస్తున్నదో రాయాలె, కుడి దిక్కు అదే ఇంకెక్కడ దొరుకుతదో రాయాలె.

నేను వరంగల్ స్టేషన్ అవతలి బస్తీలల్ల చానా ఏండ్ల సంది ఈ పని చేస్తున్న, మొదట్ల నాకు గీ నోట్‌బుక్ సంగతి తెల్వక మూడేండ్లు ఉత్తగ మాట్లాడుకుంట తిరిగిన. ఒక పిల్లగాడుండె, ఇంటర్ సెకండియర్ల రెండు సబ్జెక్టులు పోయినయి, బాపు ఎనుమాముల మార్కెట్‌ల హమాలీ, అవ్వ రెండు ఇండ్లల్ల పనిచేస్తది. వాని ఎడమ దిక్కు లిస్టు గిట్ల వచ్చింది: రాత్రి బిర్యానీ, బండి మీద తిరుగుడు, ఎవడన్న ప్లాట్ పంచాదికి పిలిస్తె పోయి నిలబడ్డందుకు ఐదు వందలు, ఎవడన్న కొడితె ఫోన్ చేసెటందుకు ఒక 'అన్న' (బ్యాచ్‌ను నడిపించే పెద్దోడు), పుట్టినరోజు నాడు కేకు, స్టేటస్‌ల వాని ఫొటో. అన్నిటికన్న కింద రాసుకున్న, 'అన్న వీన్ని పేరు పెట్టి పిలుస్తడు' అని. ఇంట్ల 'ఏ ఫెయిల్' అని పిలుస్తున్నరు. కుడి దిక్కు చూస్తె మొత్తం ఖాళీ. అప్పుడు నాకు అర్థమైంది నేను వానికి చెప్తున్న నీతులన్నీ ఆ ఖాళీ కాయితం మీద నిలబడి చెప్తున్న అని.

మన పనంత ఆ కుడి దిక్కు నింపుడే. బిర్యానీ మనం పెట్టలేం, పెట్టొద్దు కూడ, కాని పేరు పెట్టి పిలిచుడు, ఫోన్ ఎత్తుడు, కష్టమొస్తె పక్కన నిలబడుడు, గివి మనతోని అయితయి. అన్న కన్న మనం నమ్మకంగ ఉండాలె, అంతే.

ఎప్పుడు పోవాలె, ఎక్కడ నిలబడాలె

పొద్దున పదకొండుకు పోతె ఎవడు దొరకడు, పండుకోని ఉంటరు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా మీ డ్యూటీ టైం అనుకోండ్రి. పాన్ డబ్బా, చాయ్ హోటల్, గ్రౌండ్ మూల, కట్టకుంట ఆగిపోయిన బిల్డింగు, ట్రాక్ పక్క ఖాళీ జాగ, బెల్ట్ షాపు ఎనక, అడ్డా ఎక్కడో ఆ గల్లీ ఆడోళ్లకు బాగ తెలుసు, వాళ్లను అడగుండ్రి. మొదటి నెల ఏం చెప్పొద్దు. చాయ్ తాగుండ్రి, క్రికెట్ మాట్లాడుండ్రి, పేర్లు నేర్చుకోండ్రి. చేతుల ఫైల్ పట్టుకోని పోవద్దు, ఫొటోలు తీయొద్దు, ఏ పార్టీ కండువా మెడల ఉండొద్దు, పోలీస్ జీపు దిగి అటునుంచి అటే అడ్డా కాడికి నడిచి పోవద్దు. ఒక్కసారి దిగినవంటె ఆరు నెలలు నీతోని ఎవడు మాట్లాడడు.

ఎవరు పోవాలె అన్నది కూడ పెద్ద సంగతే. చదువుకోని కొత్తగ ఉద్యోగంల చేరిన పిల్లలకంటె ఒకప్పుడు అదే అడ్డాల కూసోని బయటికొచ్చి ఇప్పుడు ఆటో నడుపుకునెటోడో, ఏసీ రిపేర్ చేసుకునెటోడో చెప్తె వింటరు. అమెరికాల చికాగోల 2000 సంవత్సరంల గ్యారీ స్లట్కిన్ అనే డాక్టర్ గిదే పట్టుకున్నడు. ఆయన అంతకుముందు టీబీ, కలరా అసొంటి అంటురోగాల మీద పనిచేసినాయన, కాల్పులు కూడ అంటురోగం లెక్కనే ఒకని నుంచి ఒకనికి పాకుతున్నయని, ఆ గల్లీలల్ల మాట చెల్లే పాత మనుషులనే జీతం ఇచ్చి పెట్టుకోని కొట్లాట జరగక ముందే మధ్యల పోయి ఆపించుడు మొదలు పెట్టిండు. మన దగ్గర తుపాకులు లేవు, కత్తులు, రాడ్లు, బీరు సీసాలు ఉన్నయి, కాని పాకే తీరు మాత్రం అదే, ఒక కొట్టుడుకు ఇంకో కొట్టుడు బదులు.

ఇంకోటి, మొదట్లనే సాఫ్‌గ చెప్పాలె: 'తమ్మీ, నువ్వు నాతోని చెప్పింది నేను ఠాణాల చెప్ప, మీ ఇంట్ల చెప్ప. కాని ఎవన్నన్న పొడుస్త, సంపుత అన్నవంటె, లేకపోతె నువ్వే సచ్చిపోత అన్నవంటె మాత్రం ఊకోను, చెప్త.' గిది తర్వాత చెప్తె మోసం చేసినట్టు అయితది, ముందే చెప్పుండ్రి. నేను చెప్పిన ప్రతిసారి పిల్లలు తలకాయ ఊపిన్రు, ఒక్కడు కూడ లేచిపోలే.

ఏం చూడాలె

తల్లులు నన్ను అడిగేది గిదే, మావోడు చెడిపోతున్నడని ఎట్ల తెలుస్తది అని. జుట్టు, టాటూ, చెవిపోగు చూసి భయపడకుండ్రి, అవి ఈ వయసుల అందరికి ఉంటయి. పైస లెక్క చూడుండ్రి. పనికి పోకుంట కొత్త ఫోన్ ఎక్కడిది, బండి ఎవలది, ఈఎంఐ ఎవలు కడుతున్నరు. తల్వార్‌తోని కేక్ కోసిన వీడియో స్టేటస్ పెట్టిండంటె అది ఆట కాదు, ఆయుధాల చట్టం కింద కేసు పడ్డోళ్లు ఉన్నరు. పొద్దంత నిద్ర, కండ్లు ఎర్రగ, పాత దోస్తులు ఒక్కొక్కరు దూరమయినరా చూడుండ్రి. ఇంకోటి చెవికి వినపడేది, వాని నోట్ల కొత్త మాటలు వస్తయి, 'వాళ్లు' అనుడు మొదలైతది, వాళ్లను వదలొద్దు, వాళ్లకు బుద్ధి చెప్పాలె అని. ఆ 'వాళ్లు' పక్క గల్లీ బ్యాచ్ కావచ్చు, వేరే మతమోళ్లు కావచ్చు, వేరే కులమోళ్లు కావచ్చు.

ఎట్ల మాట్లాడాలె

దోస్తుల ముందట ఒక్క మాట అనకుండ్రి. వాని ఇజ్జత్ పోయిందంటె మీ మాట ఎంత మంచిదైన పనికి రాదు. పక్కకు తోలుకపోయి, నడుసుకుంట మాట్లాడుండ్రి, ఎదురెదురు కూసోని మాట్లాడితె విచారణ లెక్క ఉంటది, పక్కపక్కన నడిస్తె మాట దొర్లుతది. బండి మీద ఎనక కూసోబెట్టుకోని భద్రకాళి బండ్ దాక పోయి వచ్చుడు నాకు మస్తు పనికొచ్చింది.

ప్రశ్నలు అడగుండ్రి, జవాబు మీరే చెప్పకుండ్రి. 'పోయినసారి కేసైనప్పుడు బెయిలుకు ఎవలు తిరిగిన్రు?' 'లోపల ఉన్నోని అవ్వకు అన్న పైసలు పంపిండా?' 'ప్లాట్ కాడ నువ్వు నిలబడితె నీకు ఐదు వందలు, అన్నకు ఎంత వచ్చి ఉంటది?' ఈ ఆఖరి ప్రశ్న అడిగినంక చానా మంది ఊకుంటరు. ఊకుంటె ఊకోనియ్యుండ్రి, ఆ ఊకునుడు మీద మీరు మళ్ల లెక్చర్ పోయకుండ్రి.

ఒకసారి ఒక పిల్లగాడు కాలు విరిగి ఎంజీఎం దవాఖానల పడుకున్నడు. మొదటి రోజు బ్యాచంత వచ్చిన్రు, వార్డ్ల సెల్ఫీలు దిగిన్రు, 'తమ్ముని కోసం ప్రాణమిస్తం' అని స్టేటస్ పెట్టిన్రు. రెండో రోజు ఇద్దరు వచ్చిన్రు. మూడో రోజు నుంచి ఎవరు రాలే. నేను రోజు సాయంత్రం పోయి వాని మంచం పక్కన ప్లాస్టిక్ స్టూల్ మీద కూసునేది, ఏం మాట్లాడకపోయేది, వాడు ఫోన్ తీసి చూస్తడు, బోర్ల పెడతడు, మళ్ల తీస్తడు. ఐదో రోజు వాని అవ్వ టిఫిన్ డబ్బల అన్నం తెచ్చి కలిపి ముద్దలు పెడుతుంటె వాడు నన్ను చూసి, 'అన్నా, ఇంటర్ మళ్ల కట్టొచ్చా?' అన్నడు. అసొంటి టైంల మీరు అక్కడ ఉండాలె, దానికోసమే ముందు నాలుగు రోజులు ఊకె కూసునుడు. దెబ్బ తగిలినంక మొదటి రెండు మూడు రోజులు వాని మనసు ఎటన్న పోవచ్చు, పగ తీర్చుకునుడు కూడ అప్పుడే డిసైడ్ అయితది, అందుకె దవాఖానకు పోవుడు అస్సలు మర్చిపోవద్దు.

రాత్రి లొల్లి అయితున్నదని ఫోనొస్తె

ఒక్కరే పోవద్దు. ఇద్దరు పోవాలె, ఒకరు ఒక దిక్కు, ఒకరు ఇంకో దిక్కు. కత్తి బయటికి వచ్చిందంటె మధ్యల దూరకుండ్రి, 100 కో 112 కో కొట్టుండ్రి, గంతే. ఇంకా మాటల మీదనే ఉంటె మొదలు చుట్టున్న జనాన్ని తగ్గించాలె, చూసెటోళ్లు ఉన్నంత సేపు ఎవడు తగ్గడు. వీడియో తీసెటోని ఫోన్ కిందికి దించమని చెప్పుండ్రి. గట్టిగ ఉన్నోన్ని భుజం మీద చెయ్యేసి యాభై అడుగులు పక్కకు నడిపించుండ్రి. న్యాయం ఎవలది అని అప్పుడు తేల్చొద్దు, 'పొద్దుగాల కూసుందాం, నేను ఉంట' అని టైం కొనుక్కోవాలె. అవ్వను పిలిపించుడు అందరికి పనిచేయదు, దోస్తుల ముందట అవ్వ ఏడిస్తె వాడు ఇంకింత మొండికి పోతడు, మేనమామనో బావనో పిలిస్తె నయం. పొద్దుగాల కూసుంట అన్నంక మాత్రం కూసోవాలె, మీరు పోకపోతె ఆ రాత్రికి లొల్లి రెట్టింపు అయితది.

గణేష్ నిమజ్జనం, హోలీ, డిసెంబర్ 31 రాత్రి, ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం, పెద్దన్నల పుట్టినరోజులు, గివి ముందే క్యాలెండర్ల గుర్తు పెట్టుకోండ్రి. నిమజ్జనం నాడు డీజే ముందట ఎగిరే పిల్లలల్ల నుంచే పది మందికి వాలంటీర్ టీషర్టులిచ్చి తాడు పట్టుకునే పని అప్పజెప్పితె సగం లొల్లి ఉండదు, నేను చూసిన.

కేసుల గురించి పిల్లలకు తెల్వని సంగతులు

ఇది భయపెట్టెటందుకు చెప్పొద్దు, వాళ్లకు నిజంగనే తెల్వదు. 'నేను కొట్టలే అన్నా, ఊకె నిలబడ్డ' అని ప్రతొక్కడు అంటడు. 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితల ఐదుగురు గాని అంతకెక్కువ గాని చెడ్డ పనికి ఒక్కదగ్గర కూడితె అది చట్టవిరుద్ధమైన గుంపు, ఆ గుంపుల ఒకడు చేసిన నేరానికి మిగతోళ్లు కూడ బాధ్యులే. ప్లాట్ కాడ ఐదు వందలకు నిలబడెటోనికి ఈ ముక్క కూసోబెట్టి చెప్పాలె, వేళ్ల మీద లెక్కపెట్టి చూపియ్యాలె.

18 ఏండ్ల లోపు పిల్లగాడైతె వాన్ని లాకప్‌ల పెట్టొద్దు, బేడీలు వేయొద్దు, 24 గంటలల్ల జువెనైల్ జస్టిస్ బోర్డు ముందట నిలబెట్టాలె. వయసుకు బడి సర్టిఫికెట్ పనికొస్తది, అందుకె తల్లులకు చెప్పి ఆ కాయితం జిరాక్స్ తీపిచ్చి ఇంట్ల పెట్టుకోమనుండ్రి. కాని 16 దాటినోడు మర్డర్ అసొంటి ఘోరమైన కేసుల ఉంటె బోర్డు పరిశీలించి పెద్దోళ్ల లెక్క విచారణకు పంపొచ్చు, 'నేను మైనర్ను, ఏం గాదు' అని అన్నలు చెప్పే మాట అబద్ధమని పిల్లలకు తెల్వాలె. అన్నలకు కూడ ఒకటి తెల్వాలె, పిల్లలను నేరాలకు వాడుకున్న పెద్దోనికి జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏడేండ్ల దాకా జైలు, 5 లక్షల జరిమానా ఉన్నది.

గంజాయి అలవాటైన పిల్లగానికి దారి మూసుకపోలే. మత్తు పదార్థాల చట్టం 1985ది, దాంట్లనే తాగినందుకో, కొద్దిగ దగ్గర ఉన్నందుకో కేసైనోడు తనంతట తాను సర్కారు గుర్తించిన దవాఖానల చికిత్సకు పోతె ఆ కేసు నుంచి బయటపడే వీలు పెట్టిన్రు. 14446 కు ఫోన్ చేస్తె మత్తు మానిపించే సలహా ఇస్తరు, మనసు బాగలేకపోతె 14416 టెలిమానస్, చిన్నపిల్లలకైతె 1098. ఈ మూడు నంబర్లు మీ ఫోన్ల సేవ్ చేసుకోండ్రి, పిల్లలకు కాయితం మీద రాసియ్యకుండ్రి, పారేస్తరు, పక్కన కూసోని మీరే కలిపియ్యుండ్రి.

కేసుల ఉన్న మైనర్ ఫొటో, పేరు, బడి, ఇల్లు ఏ గ్రూపుల పెట్టొద్దు. ఆరు నెలల జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. 'మేం ఒక పిల్లగాన్ని మార్చినం' అని ఫొటో పెట్టుకునుడు కూడ తప్పే.

మతం పేరు మీద, సిద్ధాంతం పేరు మీద తిప్పెటోళ్ల సంగతి

ఇది బ్యాచ్ కన్న కష్టం. అక్కడ ఐదు వందలు, బిర్యానీ ఉంటయి, ఇక్కడ పిల్లగాడు సొంత పైసలు పెట్టి తిరుగుతడు, ఎందుకంటె వాడు మంచి పనే చేస్తున్న అనుకుంటడు. ఓరుగల్లోళ్లకు ఇది కొత్త కాదు. 1980ల పీపుల్స్ వార్ అనే నక్సలైట్ల పార్టీ పుట్టినంక ఇక్కడి కాలేజీల నుంచి, ఊర్ల నుంచి ఎంతమంది అడవికి పోయిన్రో మన పెద్దోళ్లను అడిగితె ఒక్కొక్క పేరు చెప్తరు, ఊర్లల్ల స్తూపాలున్నయి, ఎన్‌కౌంటర్ల పోయినోళ్లున్నరు, ఇన్‌ఫార్మర్ అని సంపబడ్డోళ్లున్నరు, రెండు దిక్కుల తల్లులు అదే గల్లీల బతికిన్రు. వాళ్లు పోయిన కారణాలు ఉత్తవి కావు, వెట్టి ఉండె, దొరల జులుం ఉండె, కూలి ఇచ్చెటోడు లేకుండె. ఇప్పుడు కూడ ఒక పిల్లగాడు 'మనోళ్లకు అన్యాయం జరుగుతున్నది' అంటె 'అదేం లేదు, సదువుకో పో' అన్నవంటె వాడు లేచిపోతడు. అన్యాయం నిజమైతె నిజమనుండ్రి. దాని మీద కాయితం ఎట్ల పెట్టాలె, ఆర్టీఐ ఎట్ల వేయాలె, వకీలు ఎక్కడ దొరుకుతడు చూపియ్యుండ్రి. తాలూకాఫీసు కాడ వానితోని లైన్ల నిలబడుండ్రి. కోపానికి పని దొరికితె కత్తి దిక్కు చూడడు.

దేవుని మీద, జెండా మీద వాదన పెట్టుకోవద్దు, మీరు ఓడిపోతరు, గెలిచినా ఓడిపోతరు. వాని ఫోన్ల వచ్చిన ఒక్క వీడియో తీసుకోండ్రి, ఒక్కటే. 'ఇది ఏ ఊరు? ఎప్పటిది? బోర్డు మీద ఏ భాష ఉన్నది?' అని ఇద్దరు కలిసి చూడుండ్రి. ఒకసారి మా దగ్గర ఒక పిల్లగాడు మన ఊరి లొల్లి అని తిప్పుతున్న వీడియోల బస్సు మీద రాత చూస్తె అది మన దేశందే కాదు. వాడు ఏమనలే, కాని ఆ రాత్రి గ్రూపుల నుంచి బయటికొచ్చిండు.

రెండు గల్లీల పిల్లలను కలిపి కబడ్డీ టీం చేయుండ్రి, వేరే వేరే టీంలు పెట్టి ఆడిపిస్తె పాత పగే మళ్ల గ్రౌండ్ల కనపడతది, ఒకే టీంల కలపాలె. మసీదు పెద్ద, గుడి పూజారి, చర్చి పాస్టర్, వీళ్లతోని ముందే దోస్తానా ఉండాలె, లొల్లి అయినంక పోయి పరిచయం చేసుకుంటె లాభం లేదు. డెన్మార్క్‌ల ఆర్హుస్ అనే ఊర్ల సిరియా యుద్ధానికి పోయొచ్చిన పిల్లలకు, పోదామనుకున్న పిల్లలకు పోలీసులు, మున్సిపాలిటీ కలిసి ఒక్కొక్కనికి ఒక పెద్దమనిషిని తోడు పెట్టిన్రు, చదువు, ఇల్లు, పని చూసిన్రు. నేరం చేసినోన్ని మాత్రం కోర్టుకే పంపిన్రు. గ రెండోది కూడ గుర్తుంచుకోండ్రి, బాంబు, ఆయుధం, మనిషిని సంపుడు మాట వచ్చిందంటె అది మన చేతుల పని కాదు, పోలీసుకు చెప్పాలె.

బయటికొచ్చే దారి

'మానేసిన' అని బ్యాచ్‌కు చెప్పమనొద్దు, అట్ల చెప్తె కొడతరు. ఇజ్జత్ పోకుంట జారిపోయే సాకు ఇయ్యాలె. మేనమామ కాడ కరీంనగర్ల పనికి పోతున్న, అవ్వకు పాణం బాగలేదు, పొద్దున డ్యూటీ పడ్డది. మూడు నెలలు ఊరు మారితె చానా తేడా వస్తది. అన్నకు బాకీ ఉన్నదా అడగుండ్రి, ఫోన్ కొనిచ్చిన పైసలో, బండి పైసలో, ఆ బాకీయే సంకెల, ఇంటోళ్లతోని కూసోని దాన్ని తీర్చే లెక్క మొదలు చేయాలె.

చదువు ఆగితె తెలంగాణ ఓపెన్ స్కూల్‌ల పది, ఇంటర్ కట్టొచ్చు, చేతిపని ఇష్టమైతె ఐటీఐ ఉన్నది. నాకు అన్నిటికన్న బాగ పనికొచ్చింది పొద్దున ఐదు గంటల పని. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ల కానిస్టేబుల్, అగ్నివీర్ కోసం ఉరికే పిల్లలతోని ఒక్కసారి కలిపితె, పొద్దున ఐదుకు లేచెటోడు రాత్రి పన్నెండుకు అడ్డా కాడ ఉండలేడు. మార్కెట్ల మిర్చి సీజన్ పని, పేపర్ వేసే పని, పాల ప్యాకెట్లు, ఏదన్న సరే పొద్దుగాలదే వెతకుండ్రి.

వాడు మళ్ల పోతడు. రెండుసార్లు, మూడుసార్లు పోతడు. 'ఇంత చేస్తె గిట్ల చేసినవా' అనొద్దు, నోట్‌బుక్ తీసి చూడుండ్రి, కుడి దిక్కు ఏదో ఖాళీ అయి ఉంటది.

మీ గురించి కూడ రెండు మాటలు. పిల్లగాని కత్తి గాని గంజాయి గాని 'జర దాచి పెట్టు అన్నా' అంటె చేతుల పట్టకుండ్రి. అప్పు ఇయ్యకుండ్రి. మీ ఎనక నలభై మంది పిల్లలున్నరని తెలిస్తె ఎవడో ఒక లీడర్ ఫోన్ చేసి 'మీటింగుకు మీ పోరగాళ్లను పంపు, బండ్లు, భోజనం మావి' అంటడు. పంపకుండ్రి, ఏ పార్టీ అయినా సరే. పంపిన రోజు నుంచి వాళ్ల లెక్కల మీరు ఇంకో అన్న అయితరు, ఎడమ దిక్కు లిస్టుల మీ పేరే వస్తది.

రాత్రి ఫోన్ సైలెంట్‌ల పెట్టకుండ్రి. మీకు నిద్ర కావాలంటె పక్కోనితోని వంతులేసుకోండ్రి, సోమ, బుధ, శుక్ర మీరు, మిగతా దినాలు ఇంకొకరు, ఆ రెండో నంబర్ పిల్లలందరి దగ్గర ఉండాలె. ఒంటిగంటకు ఫోన్ చేసెటోడు అసలు సంగతి సక్కగ చెప్పడు, 'అన్నా పన్నవా?' అంటడు. 'లేదు తమ్మీ, మెలకువతోనే ఉన్న, ఎక్కడున్నవ్?' అనుండ్రి, అని చెప్పులేసుకోండ్రి.